నా ఒక్కడి ఆరోగ్యం

ఐదుగురు తినాల్సిన డబ్బుతో నేనొక్కణ్ణే ఆరోగ్యంగా ఉందామనుకున్నాను. నా తెలివితక్కువతనమంతా ఈ ఒక్క మాటలో ఉంది. డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు, ఎవరి మాటలో నమ్మి మోసపోయినవాళ్ళు చాలామంది ఉంటారు, వాళ్ళ సంగతి వేరు. నేను ఖర్చుపెట్టింది మా అమ్మ పాలు, మా పిల్లల గుడ్లు, నా భార్య ఒంట్లో రక్తం. ఆ సంగతి నాకు తెలియకుండానే జరిగిపోయిందని చెప్పుకోలేను. కళ్ళముందే జరిగింది. చూశాను, పట్టించుకోలేదు.

మాది పాతబస్తీలో గౌలిపురా. లాల్‌దర్వాజా సింహవాహిని గుడికి నడిచిపోయేంత దూరం. పత్తర్‌గట్టీలో ఒక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. నెలకి 22,000 జీతం. కిరాయి, కరెంటు, పిల్లల ఫీజులు పోగా తిండికి మిగిలేదెంతో ప్రతి నెలా పదో తారీఖులోపే తేలిపోతుంది. నాన్న లేడు. యాభై దాటిన కొత్తలో ఒక రాత్రి ఛాతీ పట్టుకుని కూర్చున్నాడు. ఉస్మానియా దవాఖానాకి తీసుకుపోతుంటే దారిలోనే పోయాడు. ఆటోలో ఆయన తల నా ఒళ్ళో ఉంది. నాకు నలభై దగ్గరపడుతున్నకొద్దీ ఆ రాత్రి తరచూ గుర్తుకొచ్చేది. పొట్ట పెరిగింది, మూడంతస్తుల మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. భయం పట్టుకుంది.

ఆ భయంలో తప్పు లేదు. దాన్ని పట్టుకుని నేను వెళ్ళిన చోటు తప్పు. మా గల్లీ మలుపు తిరిగితే బస్తీ దవాఖానా ఉంది. 2018లో ప్రభుత్వం హైదరాబాద్ బస్తీల్లో ఇవి తెరవడం మొదలుపెట్టింది. ఒక డాక్టరు, ఒక నర్సు ఉంటారు. బీపీ, షుగర్ చూస్తారు. రక్తం తీసి తెలంగాణ డయాగ్నస్టిక్స్ ల్యాబుకి పంపుతారు. మందులు చేతిలో పెడతారు. పైసా తీసుకోరు. రోజూ నేను దాని ముందునుంచే బండి మీద పోయేవాణ్ణి. ఏనాడూ లోపలికి పోలేదు. బీపీ ఉందని చెబితే ఏం చేయాలన్న భయం ఒకటి. ఇంకొకటి చెప్పుకోవడానికి నోరు రావడం లేదు గానీ చెప్పాలి: ఆ బెంచీల మీద కూలి పనివాళ్ళతో, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళతో పాటు కూర్చోవడం నాకు నామోషీగా అనిపించింది. వాళ్ళ జీతానికీ నా జీతానికీ ఎంత తేడా ఉందో లెక్కలు రాసేవాణ్ణి నాకు తెలియదా? తెలుసు. అయినా అనిపించింది.

ఊరికే దొరికేది నాసిరకమే అయి ఉంటుందన్న నమ్మకం ఒకటి నాలో గట్టిగా ఉండేది. డబ్బు పెడితేనే ఏదైనా పని చేస్తుంది, ఎంత ఎక్కువ పెడితే అంత బాగా పని చేస్తుంది. దుకాణంలో ఖరీదైన చీరను చేతిలోకి తీసుకున్న మనిషి ముఖంలో వచ్చే ధీమా రోజూ చూసేవాణ్ణి. ఆ ధీమా నాకూ కావాలనుకున్నాను.

మెయిన్ రోడ్డు మీద అద్దాల జిమ్ ఒకటి తెరిచారు. నెలనెలా కడితే ఎక్కువ పడుతుంది, ఏడాదికి ఒకేసారి కడితే కలిసొస్తుందన్నారు. 12,000 కట్టాను. ఆ డబ్బు నా భార్య వేసిన చిట్టీది. పెద్దోడు పైతరగతికి పోతే పుస్తకాలకీ బట్టలకీ పనికొస్తుందని ఆమె నెలనెలా కూడబెట్టింది. అడిగితే ఇచ్చింది. మీ నాన్నకు జరిగింది నీకు జరగొద్దు, అన్నది అంతే. ఆ మాటలో ఎంత భయం ఉందో అప్పుడు వినిపించలేదు నాకు, సరేనన్నదన్న సంగతి మాత్రమే వినిపించింది.

జిమ్‌లో చేరగానే, తిండితో అయ్యేది కాదు, పొడి తాగాలన్నారు. కిలో డబ్బా 3,000. బరువులెత్తే ముందు తాగడానికి ఇంకో పొడి చెప్పారు. తాగితే గుండె దడదడ కొట్టుకునేది, దాన్ని శక్తి అనుకునేవాణ్ణి. అందులో ఉండేది ముఖ్యంగా కెఫీన్ అని, బీపీ ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదని తర్వాత తెలిసింది. నాకు బీపీ ఉందో లేదో చూపించుకోకుండానే దాన్ని తాగుతూ పోయాను. గుండెజబ్బు భయంతో బయలుదేరిన మనిషిని, గుండె మీద భారం పెంచే పొడికి డబ్బు పోశాను. అడుగులు లెక్కపెట్టే గడియారం కూడా వాయిదాల మీద కొన్నాను. రోజుకి పదివేల అడుగులని అది చెప్పేది. 1965లో జపాన్‌లో ఒక కంపెనీ అడుగులు కొలిచే యంత్రం అమ్ముతూ దానికి పెట్టిన పేరులోంచి ఆ లెక్క వచ్చింది, వైద్యులు పరీక్షలు చేసి తేల్చిన సంఖ్య కాదు. ఆ సంఖ్య కోసం జిమ్‌లో పట్టా మీద నడిచేవాణ్ణి. ఇంటినుంచి జిమ్‌కి, జిమ్‌నుంచి దుకాణానికి మాత్రం బండి మీదే పోయేవాణ్ణి.

ఈ డబ్బు ఎక్కడినుంచి వచ్చిందో చెబుతాను, అసలు కథ అదే. అంతకుముందు మా ఇంటికి వారానికో ట్రే గుడ్లు వచ్చేవి. అది పదిహేను రోజులకొకటి అయింది. వచ్చినవాటిలో కూడా పొద్దున ఉడకబెట్టినవి నా తల్లెలోకే వచ్చేవి, జిమ్‌కి పోతున్నాను కదా. అమ్మ రాత్రి పడుకునేముందు గ్లాసుడు పాలు తాగేది, అది ఆగిపోయింది. పాలు తాగితే కడుపులో బరువుగా ఉంటోంది బిడ్డా అని ఆమే అన్నది. నమ్మాను. చిన్నదాని టిఫిన్ డబ్బాలో గుడ్డు పోయి టమాట చట్నీ వచ్చింది. నా భార్య అందరూ తిన్నాక తింటుంది. అందరూ తిన్నాక గిన్నెలో ఏం మిగులుతుందో నేను ఏనాడూ చూడలేదు. అన్నం ఉండేది, పచ్చిపులుసు ఉండేది, తొక్కు ఉండేది. పప్పు అడుగంటేది. ఒక్కరు కూడా నన్ను నిలదీయలేదు. నిలదీయలేదంటే ఒప్పుకున్నట్టేనని అనుకున్నాను. ఇంట్లో సంపాదించే మగవాడి ఒంటికి ఏదైనా పెట్టొచ్చన్నది ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసిన సంగతి మా ఇంట్లో. నేను ఆ అలుసుని పూర్తిగా వాడుకున్నాను.

ఇంకొకటి కూడా చూశాను. నా భార్య చాటలో బియ్యం ఏరుతూ గుప్పెడు నోట్లో వేసుకుని నమిలేది. మొదట్లో ఆమెకు ఆ అలవాటు లేదు. నీళ్ళ బిందెతో మెట్లెక్కి వచ్చి గోడకు ఆనుకుని నిలబడేది. దువ్వెన నిండా జుట్టు ఉండేది. కాళ్ళు లాగుతున్నాయని రాత్రిళ్ళు చిన్నదానితో తొక్కించుకునేది. ఇవన్నీ నా కళ్ళ ముందే. అదే సమయంలో నా చెయ్యి ఎంత లావైందో టేపుతో కొలుచుకుంటున్నాను.

ముప్పై దాటినవాళ్ళందరికీ బీపీ, షుగర్ చూడాలని ఆశా కార్యకర్త ఇంటింటికీ తిరుగుతూ మా ఇంటికి వచ్చింది. మా అమ్మ చేయి చాపింది, నా భార్య చాపింది, మొహమాటానికి నేనూ చాపాను. నాకు 156/98 చూపించింది. ఆమె నా చెయ్యి వదిలేసి నా భార్య కనురెప్ప కిందికి లాగి చూసింది. “అక్కా, రేపు దవాఖానాకి రా. అన్నా, నువ్వు కూడా రా. ఇద్దరూ రావాలె,” అని కాగితం మీద రాసిచ్చి పోయింది.

మర్నాడు ఆ బెంచీ మీద కూర్చున్నాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. నా భార్యను అడిగిన మొదటి ప్రశ్న, “బియ్యం గానీ, బలపాలు గానీ తినాలనిపిస్తుందా అమ్మా?” అని. నా భార్య తల దించుకుని ఔనన్నది. ఒంట్లో ఇనుము తగ్గితే అలా తినబుద్ధవుతుందట. నేను అలవాటు అనుకుని వదిలేసినదాన్ని ఆమె ఒక్క ప్రశ్నతో పట్టుకుంది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది. గర్భవతి కాని ఆడమనిషికి 12 ఉండాలి. “రోజూ ఏం తింటున్నవ్?” అని ఆమె అడుగుతుంటే నా భార్య నావైపు చూడకుండా, ఏదీ తగ్గించి చెప్పకుండా, పెంచి చెప్పకుండా చెప్పింది. ఆ జవాబు వింటూ కూర్చోవడం నా జీవితంలో నాన్న పోయిన రాత్రి తర్వాత అంత కష్టమైన సంగతి.

మా ఇల్లు ఒక్కటే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇద్దరిలో ఒకరికంటే ఎక్కువ. ఇంత మంది ఇళ్ళల్లో ఎవరో ఒకరు మెట్ల దగ్గర గోడకు ఆనుకుని నిలబడుతూనే ఉంటారు, ఇంట్లోవాళ్ళు చూస్తూనే ఉంటారు.

ఆ రాత్రి కూర్చుని లెక్క రాశాను. నా పని అదే కదా, ఆ పని మా ఇంటికి మాత్రం చేయలేదు. కిలోకి నూటయాభై పెట్టి కొన్న కందిపప్పులో రెండు వందల గ్రాములకు పైగా ప్రోటీన్ ఉంటుంది. గుడ్డు ఏడు రూపాయలైతే అందులో ఆరు గ్రాములు. పల్లీలు నూరు గ్రాముల్లో పాతిక గ్రాములు, పుట్నాల్లో ఇరవై. మీల్‌మేకర్‌లో యాభై. నేను తాగిన పొడిలో గ్రాము ప్రోటీన్‌కి దాదాపు నాలుగు రూపాయలు పడింది. గుడ్డులో రూపాయి పైచిల్లర, పప్పులో ముప్పావలా లోపు. పైగా నాకు కావలసిందెంత? మామూలు మనిషికి కిలో బరువుకి 0.83 గ్రాములని భారత వైద్య పరిశోధన మండలి చెబుతుంది. నా 72 కిలోలకి రోజుకి 60 గ్రాములు. అన్నం, పప్పు, పెరుగు, ఒక గుడ్డు, గుప్పెడు పుట్నాలు కలిపితే అక్కడికి వచ్చేస్తుంది. మా వంటింట్లో ఉన్న సరుకుతోనే తీరే అవసరం కోసం మిగతా నలుగురి సరుకు తగ్గించాను.

ఈ లెక్కలు చెప్పేవాళ్ళు మన ఊళ్ళోనే ఉన్నారు. తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు చిన్న విభాగంగా పుట్టి, 1950ల చివర్లో హైదరాబాద్ చేరింది. 2024 మే నెలలో ఆ సంస్థ భారతీయులకు 17 ఆహార సూచనలు ఇచ్చింది. కండల కోసం ప్రోటీన్ పొడులు తాగొద్దన్నది అందులో ఉంది. అదే ఏడాది ‘మెడిసిన్’ అనే వైద్య పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. మన దేశంలో అమ్ముతున్న 36 రకాల పొడులను పరీక్షిస్తే దాదాపు 70 శాతం వాటిలో డబ్బా మీద రాసిన ప్రోటీన్‌కీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. గౌలిపురానుంచి తార్నాకకి ఒక్క సిటీబస్సు టికెట్టు దూరం. జిమ్ కౌంటర్ దగ్గర కుర్రాడు చెప్పింది విన్నాను, వందేళ్ళ సంస్థ చెప్పేది ఏమిటో అడగాలని కూడా తోచలేదు.

తర్వాత మా తిండిలో మార్చినవి పెద్ద మార్పులేం కావు. పాతబస్తీలో పొద్దున ఖిచిడీ తినని ఇల్లు తక్కువ. మాకూ పక్కింటివాళ్ళనుంచి అబ్బింది. బియ్యం, మసూర్‌పప్పు, పసుపు, పైన నువ్వులు, పల్లీలు, చింతపండు నూరిన ఖట్టా. బియ్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ బియ్యంలో ఉంటుంది. రెండూ కలిస్తే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. జొన్నరొట్టె రాత్రికి వచ్చింది. అది అమ్మకు బాగా వచ్చు, పొడి రోజుల్లో నేనే వద్దన్నాను. మీరాలం మండీలో సాయంత్రం పూట ఆకుకూరలు ఇంకా చవక, అమ్మేసి ఇంటికి పోయే తొందరలో ఉంటారు. పుంటికూర, తోటకూర, గంగవాయిలి దుకాణం నుంచి వస్తూ నేనే తెస్తున్నాను. పుంటికూరలో పప్పు ఎక్కువ వేసి వండుతుంది నా భార్య. ఇప్పుడు అందరం కలిసి కూర్చుని తింటాం. ఆమె వడ్డిస్తూ నిలబడటం లేదు. గిన్నె మధ్యలో ఉంటుంది. ఈ ఒక్క మార్పుకి ఖర్చేమీ లేదు, దీనికి నాకు అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది. ఆమెకు కూడా.

చాయ్ సంగతి చెప్పాలి. మా ఇంట్లో అన్నం తినగానే చాయ్ తాగడం ఎప్పటినుంచో ఉంది. మధ్యాహ్నం ఆకలి వేసినా వండుకునే ఓపిక లేక నా భార్య చాయ్‌తోనే సరిపెట్టేది. భోజనానికి గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దని పోషకాహార సంస్థ చెబుతుంది. చాయ్‌లోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. నిమ్మకాయ, ఉసిరి, జామ లాంటివి పట్టేలా చేస్తాయి. డాక్టరమ్మ ఇచ్చిన ఇనుము మాత్రలు ఆమె నిమ్మనీళ్ళతో వేసుకున్నది. మొదట్లో కడుపులో తిప్పేది, మానేస్తానన్నది. అన్నం తిన్నాక వేసుకొమ్మని నర్సు చెప్పాక తగ్గింది. నా చాయ్ వేరే రకం. దుకాణంలో గిరాకీ వచ్చిన ప్రతిసారీ పక్క హోటల్ నుంచి ఇరానీ చాయ్ వస్తుంది, ఉస్మానియా బిస్కెట్ వస్తుంది. రోజుకి చక్కెర 25 గ్రాములు దాటొద్దంటారు. మా దుకాణంలో మధ్యాహ్నానికే ఆ లెక్క దాటిపోయేది. నేను చాయ్ మానలేదు. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి తాగుతున్నాను. మానేశానని చెబితే అబద్ధం.

నడక మాట. వారానికి 150 నిమిషాలు చురుగ్గా నడిస్తే చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. మా ఇంటినుంచి శాలిబండ, చార్మినార్, గుల్జార్‌హౌజ్ మీదుగా పత్తర్‌గట్టీకి అరగంట నడక. చార్మినార్ చుట్టూ బండ్లు రానివ్వరు, అందుకని బండి మీద చుట్టుతిరిగి, రద్దీలో ఆగి ఆగి పోతే ఇంచుమించు అంతే పట్టేది. ఇన్నేళ్ళూ ఆ అరగంట పెట్రోలు పోసి పోగొట్టాను. పొద్దున దుకాణాలు తెరవకముందు ఆ దారి ఖాళీగా ఉంటుంది, మక్కామసీదు దగ్గర పావురాలకు గింజలు వేసేవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. నాలుగు వందల ఏళ్ళనాటి కమాన్ల కిందనుంచి నడుస్తూ పనికి పోవడం ఎంత భాగ్యమో ఇక్కడే పుట్టి పెరిగిన నాకు నలభయ్యో ఏట అర్థమైంది.

నేను నడుస్తాను సరే, నా భార్య ఎక్కడ నడవాలి? ఈ ప్రశ్న నాకు ఊపిరాడనివ్వడం లేదు. మా వీధుల్లో ఫుట్‌పాత్ అంటే బండ్లు, సామాన్లు. పొద్దున ఆమెకు వంట, నీళ్ళు. సాయంత్రం గల్లీ చివర కుర్రవాళ్ళ గుంపు. ఒంటరి ఆడమనిషి వేగంగా నడిస్తే ఏమైందని అడిగేవాళ్ళే అందరూ. ఇక్కడ మా హిందూ ఇళ్ళకీ ముస్లిం ఇళ్ళకీ తేడా లేదు. ఈ కష్టాన్ని గుర్తించి పని చేసినవాళ్ళు ఉన్నారు. రాజేంద్రనగర్ దగ్గర వాడీ-ఎ-మహమూద్ బస్తీలో మసీద్-ఎ-ముస్తఫా ఉంది. పాతబస్తీ పేద ఆడవాళ్ళలో సగం మందికి పైగా షుగరు, గుండెజబ్బులు వచ్చే ముప్పు ఉందని ఒక సర్వేలో చూసి, హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ వాళ్ళు 2021లో ఆ మసీదులోనే ఆడవాళ్ళ కోసం జిమ్ పెట్టారు. నేర్పించేదీ ఆడమనిషే. మసీదులో ఆరోగ్యకేంద్రం కూడా నడిపారు. ఇంట్లోవాళ్ళు అభ్యంతరం చెప్పని చోటు ఏదో చూసుకుని అక్కడ పెట్టారు, అందులోనే ఉంది వాళ్ళ తెలివి. మా వైపు అలాంటిది లేదు. నా భార్య మిద్దె మీద నడుస్తుంది. మిద్దె చిన్నది, పది అడుగులకో మలుపు. మా బస్తీలోని గుళ్ళకు పెద్ద హాళ్ళున్నాయి, బోనాలప్పుడు తప్ప తాళం వేసి ఉంటాయి. పొద్దున ఒక గంట ఆడవాళ్ళకి తెరిస్తే గుడికి పోయేదేముంది? ఈ మాట కమిటీవాళ్ళ దగ్గర అన్నాను. చూద్దామన్నారు. మళ్ళీ అంటాను.

మా ఇంటి వెనక గల్లీలో పాత కుస్తీ తాలీం ఉంది. చిన్నప్పుడు నాన్న నన్ను అక్కడికి పంపాలనుకున్నాడు, ఆ మట్టి వాసన నచ్చక నేను పోలేదు. అద్దాల జిమ్‌కి పోయే రోజుల్లో దాని ముందునుంచి తల తిప్పుకుని పోయేవాణ్ణి. పాతబస్తీలో కుస్తీ ఈనాటిది కాదు. నిజాం కొలువులో పనిచేసిన అరబ్బుల సంతతి ఉండే బార్కస్‌లో, ధూల్‌పేట్‌లో పహిల్వాన్ల ఇళ్ళు తరతరాలుగా ఉన్నాయి. తాలీంలో యంత్రాలుండవు. మట్టి, తిప్పడానికి ముగ్దర్లు, ఒంటి బరువుతో తీసే దండీలు, బస్కీలు. మా గల్లీ తాలీం ఉస్తాద్ వయసు డెబ్భై దాటి ఉంటుంది. జిమ్ మానేసి నేను పోయి నిలబడగానే, “బీపీ చూపించుకున్నవా బేటా?” అని అడిగాడు. జిమ్‌లో నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఉందని చెప్పాను, మాత్రలు వేసుకుంటున్నానని చెప్పాను. “అట్లయితే ముగ్దర్ ముట్టకు ఇప్పుడే. బస్కీలు తియ్యి, కొన్నే తియ్యి. ఊపిరి బిగబట్టకు, వదులుకుంట లెవ్వాలె,” అన్నాడు. ఊపిరి బిగబట్టి బరువెత్తితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుందని డాక్టరమ్మ కూడా చెప్పింది. ఉస్తాద్‌కి అది పుస్తకంలోంచి వచ్చిన జ్ఞానం కాదు. “నా తోటి పహిల్వాన్లు శానామంది పోయిండ్రు బేటా. కస్రత్ మానిండ్రు, నెయ్యి మానలే,” అన్నాడు.

పెద్దోడికి పద్నాలుగేళ్ళు. వాడు నా డబ్బాలు చూస్తూ పెరిగాడు. ఈమధ్య ఒకరోజు, నాకూ పొడి కొనిపెట్టు నాన్నా, మా దోస్తులంతా తాగుతున్నరు, అన్నాడు. ఫోన్లో చూపించిన కండల కుర్రాడి వయసు వీడికంటే నాలుగైదేళ్ళు ఎక్కువ. నా భయం ఇప్పుడు వాడి గురించే. పొడితో ఆగడం లేదు ఈ పిల్లలు. ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే ఇచ్చే మెఫెంటర్‌మైన్ సూదిమందును జిమ్‌కి పోయే కుర్రాళ్ళకి అమ్ముతూ హైదరాబాద్‌లో పట్టుబడ్డవాళ్ళ వార్తలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. ఆ మందు గుండెను పరుగెత్తిస్తుంది, అలవాటైతే వదలదు. మా జిమ్‌లో కూడా ఒకతను నాకు గొంతు తగ్గించి, సూది ఒకటుంది, అలుపు రాదు అన్నాడు. నేను వద్దన్నాను, తెలివితో కాదు, సూదంటే భయంతో. పొడులన్నీ ఏ ప్రశ్నా లేకుండా తాగినవాణ్ణి, ఆ ఒక్క భయం లేకపోతే అదీ పొడిపించుకునేవాణ్ణి. ఇది వాడికి చెప్పాను. చిట్టీ సంగతి, వాళ్ళమ్మ రక్తం సంగతి, చెల్లెలి గుడ్డు సంగతి, అన్నీ చెప్పాను. తండ్రి తన తప్పు కొడుక్కి చెప్పుకోవడం మా ఇళ్ళల్లో లేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, అమ్మకిప్పుడు ఎంతుంది అని అడిగాడు. ఇప్పుడు నాతో తాలీంకి వస్తున్నాడు.

ఎంతుందో మీకూ చెబుతాను. నెలలు పట్టింది, మాత్రలు మధ్యలో ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెట్టింది. చివరిసారి పరీక్షలో 11.3 వచ్చింది. 12 ఇంకా రాలేదు. బియ్యం నమలడం మానింది. నాకు రోజూ ఒక మాత్ర ఉంది, బీపీ 130 దగ్గర ఉంటోంది. పొట్ట కొంచెం తగ్గింది, పూర్తిగా కాదు. అమ్మ పాలు మళ్ళీ వస్తున్నాయి, కడుపులో బరువుగా ఏమీ లేదట. కట్టిన 12,000 జిమ్‌వాళ్ళు తిరిగి ఇవ్వబోమన్నారు. చిట్టీ మళ్ళీ మొదలుపెట్టాం, ఈసారి నేనూ వేస్తున్నాను, పాడుకునేది మాత్రం ఆమె.

తక్కువ డబ్బుతో ఆరోగ్యంగా ఉండటం ఎలాగని నన్నిప్పుడు దుకాణంలో కుర్రాళ్ళు అడుగుతుంటారు. పప్పు తినమని, నడవమని, చాయ్ తగ్గించమని చెబుతాను. వాటికంటే ముందు ఒక మాట చెబుతాను, మీకూ అదే చెబుతున్నాను. మీ బస్తీ దవాఖానాకి పోండి, బీపీ, షుగర్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఒక్కరే పోవద్దు. మీ ఇంట్లో అందరికంటే ఆఖరున అన్నం తినేది ఎవరో వాళ్ళను వెంటబెట్టుకుని పోండి, మీకంటే ముందు వాళ్ళ చెయ్యి చాపించండి.